చివరి పేజీలు చూసి కొనండి: ఆర్వెల్ రెండు నవలల చౌక సంపుటి గురించి ఒక ప్రూఫ్ రీడర్ మాట

మొన్న జనవరిలో విజయవాడ పుస్తక మహోత్సవానికి మనవరాలిని వెంటబెట్టుకుని వెళ్లాను. తొమ్మిదో తరగతి పిల్ల. స్కూల్లో ఎవరో చెప్పారట, "తాతయ్యా, యానిమల్ ఫామ్ కొనిపెట్టవా" అంది. ఒక స్టాల్లో ఇంగ్లీషు రచయిత జార్జ్ ఆర్వెల్ రాసిన యానిమల్ ఫామ్, నైన్టీన్ ఎయిటీఫోర్ రెండూ ఒకే అట్టలో బైండు చేసిన సంపుటి కనిపించింది. వెల 250 రూపాయలు, తగ్గింపు పోగా 175. తెల్లకాగితం, మెరిసే అట్ట. పిల్ల ముచ్చటపడింది, కొనేశాను.

ప్రచురణకర్త పేరు రాయను. ఇలాంటి సంపుటాలు ఇప్పుడు చాలామంది వేస్తున్నారు. ఆర్వెల్ 1950 జనవరి 21న చనిపోయారు. మన దేశంలో రచయిత పోయిన 60 ఏళ్లకు కాపీరైట్ తీరిపోతుంది కాబట్టి 2011 నుంచి ఆయన పుస్తకాలు ఎవరైనా అచ్చేసుకోవచ్చు. అది మంచిదే. ఒక విద్యార్థి 175 రూపాయలకు ఇలాంటి రెండు నవలలు కొనుక్కోగలగడం చిన్న విషయం కాదు. కానీ అచ్చేసేవాళ్లకు ఆ పుస్తకం మీద కాస్త భక్తి ఉండాలి. నేను 1974లో విజయవాడలో ఒక ప్రెస్సులో చేరి ముప్పై ఏడేళ్లు ప్రూఫులు దిద్దాను. పుస్తకం చేతికి రాగానే కథకంటే ముందు పేజీ చూడటం నాకు అలవాటు. ఈ సంపుటి చూసిన మొదటి గంటలోనే మనసు పాడైంది.

అచ్చుతప్పులు ఉన్నాయి, అవి ఏ పుస్తకంలోనైనా ఉంటాయి. కామాలు ఎగిరిపోయాయి, ఒకరి మాట ఎక్కడ ఆగిందో ఇంకొకరి మాట ఎక్కడ మొదలైందో తెలియకుండా కొటేషన్లు కలిసిపోయాయి. యానిమల్ ఫామ్‌లో కొట్టం గోడ మీద పశువులు తమకోసం రాసుకున్న ఏడు నియమాలను విడిగా, వరుసగా, గోడ మీద చూస్తున్నట్టు వేయాలి. ఇందులో వాటిని మామూలు పేరాలో కలిపేశారు. ఇవన్నీ సహించగలను. సహించలేనిది ఒకటుంది. నైన్టీన్ ఎయిటీఫోర్ కథ ముగిసిన తర్వాత రావాల్సిన అనుబంధం లేదు. చివరి వాక్యం అయింది, తర్వాత ఖాళీ పేజీ ఒకటి, ఆ తర్వాత అట్ట.

ఆ అనుబంధం 'న్యూస్పీక్' గురించి. ఆ నవలలో దేశాన్ని గుప్పిట్లో పెట్టుకున్న పార్టీ తయారుచేసిన భాష అది. ఏటేటా మాటలు తగ్గించుకుంటూ పోయి, చివరికి పార్టీకి ఎదురు ఆలోచించడానికి కూడా మనిషి దగ్గర మాట మిగలకుండా చేసే భాష. వ్యాకరణ పుస్తకంలా ఉంటుంది కాబట్టి చాలామంది దాటేస్తారు. దాన్ని జాగ్రత్తగా చదివితే ఒకటి కనిపిస్తుంది: మొత్తం భూతకాలంలో రాసి ఉంది. న్యూస్పీక్ అనే భాష ఉండేది, ఇలా వాడేవారు, అలా మార్చాలనుకున్నారు అని. అంటే ఆ పార్టీ, ఆ రాజ్యం ఎప్పుడో పోయాయని, ఎవరో స్వేచ్ఛగా కూర్చుని మామూలు ఇంగ్లీషులో దాని చరిత్ర రాస్తున్నారని అర్థం చేసుకోవచ్చు. ఆ నవలలో నాకు కనిపించిన ఏకైక కిటికీ అదే. 1949లో అమెరికాలోని బుక్ ఆఫ్ ద మంత్ క్లబ్ వాళ్లు ఈ అనుబంధాన్నీ, మధ్యలో పార్టీకి శత్రువుగా చూపే గోల్డ్‌స్టీన్ రాసినట్టు వచ్చే సిద్ధాంత భాగాన్నీ తీసేస్తే తీసుకుంటామన్నారు. పెద్ద మొత్తం పోయే ప్రమాదం ఉన్నా ఆర్వెల్ ఒప్పుకోలేదు. అప్పటికే క్షయతో మంచాన ఉన్న మనిషి. చివరికి క్లబ్బే దిగివచ్చింది, పుస్తకం ఉన్నదున్నట్టు వచ్చింది. అంత గట్టిగా నిలబడి ఆయన కాపాడుకున్న పేజీలను, ఎవరూ అడగకుండానే, నాలుగు కాగితాల ఖర్చు కోసమో అజాగ్రత్తతోనో ఎగరగొట్టేశారు. నాకు నిజంగా కోపం వచ్చింది.

వారం తిరక్కుండా పెంగ్విన్ వాళ్ల ప్రతులు విడివిడిగా రెండూ తెప్పించాను. అనుబంధం ఉంది. యానిమల్ ఫామ్ చివర ఆర్వెల్ రాసుకున్న రెండు ముందుమాటలు కూడా ఇచ్చారు. ఆ తర్వాత మనవరాలూ నేనూ రోజూ సాయంత్రం దీపాలు పెట్టాక అరగంట చదవడం మొదలుపెట్టాం. తను పైకి చదివేది, నేను రెండో ప్రతి పట్టుకుని వినేవాణ్ని. మా ప్రెస్సులో కాపీ చూసే పద్ధతే అది, ఒకరు చదవాలి, ఒకరు దిద్దాలి.

యానిమల్ ఫామ్ కథ చాలామందికి తెలుసు. జోన్స్ అనే తాగుబోతు రైతును తరిమేసి పశువులు సొంతంగా పొలం నడుపుకుంటాయి, పందులు పెత్తనం చేజిక్కించుకుంటాయి, చివరికి పంది ముఖమేదో మనిషి ముఖమేదో తెలియకుండా పోతుంది. పది అధ్యాయాలు, నూరు పేజీల పుస్తకం. ఈసారి నన్ను పట్టుకున్నది వేరే విషయం. ఆ పొలంలో ఎవరికి చదవడం వచ్చు, ఎంత వచ్చు అని ఆర్వెల్ లెక్క రాసినట్టు చెప్పాడు. పందులకు పూర్తిగా వచ్చు. కుక్కలు బాగానే చదువుతాయి గానీ ఏడు నియమాలు తప్ప ఇంకేదీ చదవవు. మ్యూరియల్ అనే మేక చెత్తకుప్పలో దొరికిన పేపరు ముక్కలు చదువుతుంది. క్లోవర్ అనే ఆడగుర్రానికి అక్షరాలు వచ్చు, కూడబలుక్కోవడం రాదు. బాక్సర్ అనే గుర్రం 'డి' దాటలేదు. బెంజమిన్ అనే గాడిదకు పందులతో సమానంగా వచ్చు, కానీ చదవదగ్గదేదీ లేదంటుంది, చదవదు.

ఈ లెక్క తెలిశాక కథ మొత్తం వేరుగా కనిపించింది. పందులు మంచాల మీద పడుకుంటున్నాయని తెలిసి క్లోవర్‌కు అనుమానం వస్తుంది. గోడ దగ్గరికి వెళ్తుంది, తనకు చదవడం రాదు, మ్యూరియల్‌ను పిలుస్తుంది. ఏ జంతువూ మంచం మీద పడుకోరాదన్న నియమంలో 'దుప్పట్లతో' అన్న మాట వచ్చి చేరి ఉంటుంది. తర్వాత మద్యం నియమంలో 'మితిమీరి' చేరుతుంది. చంపరాదన్న నియమంలో 'కారణం లేకుండా' చేరుతుంది. ఇంగ్లీషులో ఈ మాటలన్నీ వాక్యం చివర వస్తాయి. వాక్యం అయిపోయాక గోడ మీద మిగిలిన ఖాళీలో ఇంకో రెండు మాటలు రాస్తే చాలు, పాత అక్షరం ఒక్కటి కూడా చెరపక్కర్లేదు. తెలుగులో అది కుదరదు. మన క్రియాపదం చివర కూర్చుని తలుపు మూసేస్తుంది. 'చంపరాదు' తర్వాత ఇంకేమీ రాయలేం. 'కారణం లేకుండా' చేర్చాలంటే మధ్యలో గీకాలి, పాత రంగు తుడవాలి, మచ్చ మిగులుతుంది. ఈ ఒక్క కారణానికే ఈ పుస్తకాన్ని కొంచెం కష్టమైనా ఇంగ్లీషులో చదవమంటాను. అర్ధరాత్రి నిచ్చెన విరిగి రంగు డబ్బా పక్కన స్క్వీలర్ అనే పంది పడి ఉండే చోట, దొంగచాటుగా నియమాలు మార్చే దాని పని ఎంత తేలికో అప్పుడే తెలుస్తుంది.

బాక్సర్‌ను తీసుకెళ్లే అధ్యాయం దగ్గర పిల్ల ఆగిపోయింది. ఒళ్లు హూనమయ్యేలా పనిచేసి కూలబడిన గుర్రాన్ని ఆసుపత్రికని బండి ఎక్కిస్తారు. పశువులన్నీ చుట్టూ చేరి వీడ్కోలు చెబుతుంటాయి. అప్పుడు బెంజమిన్ అరుస్తుంది, బండి పక్కన ఏం రాసి ఉందో చూడండని. గుర్రాలను కోసి జిగురు కాచే వ్యాపారి బండి అది. గాడిద అంతకుముందు ఎవరికోసమూ ఏదీ గట్టిగా చదివి చెప్పలేదు. అప్పటికి బండి కదిలిపోయింది. పందులు ఆ డబ్బుతో విస్కీ తెప్పించుకున్నాయని తర్వాత మెల్లగా తెలుస్తుంది.

"తాతయ్యా, బెంజమిన్‌కి చదవడం వచ్చు కదా. గోడ మీద మార్చినప్పుడే ఎందుకు చెప్పలేదు?" అంది.

వెంటనే జవాబు చెప్పలేకపోయాను. 1975లో నాకు ఇరవై రెండేళ్లు. జూన్ 25 రాత్రి ఎమర్జెన్సీ పెట్టారు, పత్రికలన్నీ సెన్సార్‌కు చూపించాకే అచ్చేయాలన్నారు. మా ప్రెస్సులో ఒక వారపత్రిక అచ్చయ్యేది. దాని పేజీ ప్రూఫులు నేనే సంచిలో పెట్టుకుని సైకిల్ మీద తీసుకెళ్లేవాణ్ని. కొట్టేసిన పేరాలతో వెనక్కి తెచ్చేవాణ్ని. కొట్టేసిన చోట ఖాళీ వదలకూడదు, ఏదో ఒకటి నింపాలి. నేనే నింపేవాణ్ని, వంటింటి చిట్కాలో, సామెతలో. పేజీ ఎక్కడా చెదరకుండా కుదిర్చానని కంపోజిటర్ మెచ్చుకుంటే సంతోషపడ్డాను కూడా. అక్కడ ముందు ఏం ఉండేదో చదివినవాణ్ని నేను. బయట ఎవరికీ చెప్పలేదు, ఉద్యోగం పోతుందన్న భయం. ఇదంతా పిల్లకు చెప్పాను. విని కాసేపు ఊరుకుంది, తర్వాత "మిగతాది రేపు చదువుదాం" అని పుస్తకం మూసేసింది.

ఆర్వెల్‌కు ఈ కథ పుట్టిన చోటు రష్యా, అక్కడి విప్లవం దారితప్పిన కథే పశువుల వేషంలో చెప్పాడు. అలాంటి పెత్తనాన్ని తను కళ్లారా చూసిన చోటు స్పెయిన్. 1936 డిసెంబరులో అక్కడ తిరుగుబాటు చేసిన సైన్యాధిపతి ఫ్రాంకో మీద పోరాడటానికి బార్సిలోనా వెళ్లాడు. 1937 మేలో గొంతులోంచి తూటా దూసుకుపోయింది, బతికాడు. కోలుకుంటుండగానే తను చేరిన దళాన్ని, స్టాలిన్ మాట వినని దళం కాబట్టి, ఫాసిస్టుల ఏజెంట్లని ముద్రవేసి వేటాడటం మొదలైంది. పక్కన పోరాడినవాళ్లు జైళ్లపాలయ్యారు. ఆర్వెల్, భార్య ఐలీన్ సరిహద్దు దాటి తప్పించుకున్నారు. జరగని యుద్ధాలు జరిగినట్టు, జరిగినవి జరగనట్టు పేపర్లలో అచ్చయితే చూశానని తర్వాత రాశాడు. పేపరు పనిచేసినవాడిగా నన్ను అన్నిటికంటే కుదిపిన మాట అది.

యానిమల్ ఫామ్ రాసేనాటికి రష్యా బ్రిటన్‌కు మిత్రదేశం. 1944లో గొలాంజ్, జొనాథన్ కేప్, ఫేబర్ సంస్థలు వద్దన్నాయి. ఫేబర్ తరఫున తిరస్కరిస్తూ ఉత్తరం రాసింది కవి టి.ఎస్. ఎలియట్. చివరికి సెకర్ అండ్ వార్‌బర్గ్ 1945 ఆగస్టు 17న 4,500 ప్రతులు వేసింది. రాస్తున్నప్పుడు రోజూ విని సలహాలిచ్చిన ఐలీన్ ఆ మార్చిలోనే ఆపరేషన్ బల్ల మీద చనిపోయింది, పుస్తకం చూడలేదు.

ప్రూఫుల దశలో ఆర్వెల్ చేసిన ఒక దిద్దుబాటు ఉంది. ప్రూఫులు దిద్దేవాళ్లందరూ గోడకు రాసిపెట్టుకోదగ్గది. గాలిమర పేలిపోయేటప్పుడు నెపోలియన్‌తో సహా పశువులన్నీ నేలమీద బోర్లా పడ్డాయని ముందు రాశాడు. నెపోలియన్ అనే పంది స్టాలిన్‌కు గుర్తు. జర్మన్లు మాస్కో దగ్గరికి వచ్చినా స్టాలిన్ ఊరు వదిలి పోలేదు కదా, అలా రాస్తే అన్యాయమవుతుందని, 'నెపోలియన్ తప్ప' అని మార్చమని 1945 మార్చిలో ప్రచురణకర్తకు ఉత్తరం రాశాడు. తను జీవితమంతా ఎదిరించిన మనిషి విషయంలో, ఒక పిల్లల కథలాంటి కథలో, ఒక్క మాట సరిచేశాడు.

1947లో జర్మనీ శిబిరాల్లో ఉన్న ఉక్రెయిన్ శరణార్థుల కోసం వాళ్ల భాషలో ఈ పుస్తకం వచ్చింది. వాళ్లు పాత్రల పేర్లు చూసి ఇది ఎవరి కథని అడగాల్సిన పని లేదు. సమష్టి వ్యవసాయం పేరుతో గింజలు లాక్కెళ్లగా 1932-33లో ఆకలికి లక్షల మంది పోయిన ఊళ్ల నుంచి వచ్చినవాళ్లు. కోళ్లు గుడ్లు ఇవ్వనని దూలాలెక్కి కూర్చోవడం, గింజలు ఆపేస్తే తొమ్మిది కోళ్లు చచ్చిపోవడం వాళ్లు ఎలా చదివి ఉంటారో. దానికి ఆర్వెల్ రాసిన ముందుమాటలో ఈ కథ ఎలా తట్టిందో ఉంది. పదేళ్ల పిల్లాడొకడు పెద్ద బండిగుర్రాన్ని ఇరుకు దారిలో కొరడాతో తోలుకుపోవడం చూశాడట. వీటికి తమ బలం తెలిస్తే మన అదుపులో ఉంటాయా అనిపించిందట. పెంగ్విన్ ప్రతిలో ఈ ముందుమాట ఉంది. చౌక సంపుటిలో లేదు.

మా పూర్వీకులది కోరంగి వైపు కాబట్టి ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆర్వెల్ బీహార్‌లోని మోతిహారిలో 1903 జూన్ 25న పుట్టాడు. 1922 నుంచి 1927 దాకా బర్మాలో పోలీసు అధికారి. ఆ రోజుల గురించి రాసిన ఏనుగు వ్యాసంలో మదమెక్కిన ఏనుగు ఒక కూలివాణ్ని తొక్కి చంపుతుంది. ఒక కోరంగీ కూలీ కంటే ఏనుగు విలువెక్కువని కుర్ర తెల్లదొరలు అనుకున్నారని చివర రాశాడు. మన తీరం నుంచి రంగూన్ వెళ్లిన తెలుగువాళ్లను అక్కడ పిలిచే పేరు కోరంగీ. మా తాత కూడా రంగూన్ రేవులో మూటలు మోసి వచ్చినవాడే. జనం చూస్తున్నారన్న ఒత్తిడికే ఆ ఏనుగును కాల్చానని ఆర్వెల్ ఒప్పుకున్నాడు. పెత్తనం లోపల నుంచి ఎలా ఉంటుందో ఆయన ముందు తన ఒంటి మీదే చూసుకున్నాడు.

నైన్టీన్ ఎయిటీఫోర్ పిల్లతో కలిసి చదవలేదు. మూడో భాగంలో చిత్రహింసలు, ఎలుకల గది ఉన్నాయి. ఇంకో రెండేళ్లు ఆగమన్నాను. నేను మాత్రం మళ్లీ పూర్తిగా చదివాను. స్కాట్లండ్ దగ్గర జూరా అనే దీవిలో రాశాడు దీన్ని. టైపిస్టు దొరక్క, జబ్బుతో మంచం మీదే కూర్చుని సొంతంగా శుభ్రప్రతి టైపు చేసుకున్నాడు. 1949 జూన్ 8న వచ్చింది, ఏడు నెలలకు మనిషి పోయాడు, 46 ఏళ్లకే.

కథానాయకుడు విన్‌స్టన్ స్మిత్ చేసే పని పాత పేపర్లు దిద్దడం. పార్టీ అధినేత పెద్దన్న (బిగ్ బ్రదర్) చెప్పిన జోస్యం తప్పితే, నిజం అయ్యేలా పాత పేపరును మార్చి మళ్లీ అచ్చేయిస్తారు. పాతది గోడలోని కన్నంలో వేస్తే కింద మంటల్లోకి పోతుంది. చాక్లెట్ రేషన్ 30 గ్రాముల నుంచి 20కి తగ్గిస్తారు, మర్నాడే 20కి పెంచినందుకు జనం ఊరేగింపులు తీశారని వార్త వస్తుంది. నన్ను గుచ్చింది మాత్రం, విన్‌స్టన్‌కు ఆ పని ఇష్టం. ఓగిల్వీ అనే లేని సైనికుణ్ని పుట్టించి, వీరమరణం రాసి, బాగా కుదిరిందని తృప్తిపడతాడు. ప్రభుత్వాన్ని ద్వేషిస్తూనే పనిలో నైపుణ్యానికి మురిసిపోతాడు. వంటింటి చిట్కాలతో పేజీ నింపి మురిసిన ఆ రాత్రి నాకు అక్కడ గుర్తొచ్చింది.

ఇదంతా అతిశయోక్తి అనుకునేవాళ్లకు ఒక సంగతి చెప్పాలి. ఆర్వెల్ పోయిన తర్వాత జరిగింది. 1953 డిసెంబరులో, స్టాలిన్ కాలంలో రహస్య పోలీసులకు అధిపతిగా ఉన్న బేరియాను కాల్చి చంపాక, సోవియట్ మహా విజ్ఞాన సర్వస్వం కొనుక్కున్నవాళ్లకు కొత్త కాగితాలు పంపారు. బేరియా మీద ఉన్న పేజీలను కత్తెరతోనో బ్లేడుతోనో కోసేసి, బేరింగ్ సముద్రం గురించిన ఈ పేజీలు అంటించుకోవాలని. ఇళ్లలో కూర్చుని జనం ఆ పని చేశారు.

నవలలో లోపాలున్నాయి. గోల్డ్‌స్టీన్ పుస్తకం అంటూ వచ్చే పేజీలు బరువు, రెండుచోట్ల నేను కునుకు తీశాను. విన్‌స్టన్ ప్రేమించిన జూలియా పాత్రను ఇంకా బాగా రాసి ఉండాల్సింది, ఆమె మనసులో ఏముందో మనకు తెలియదు. కానీ పెరట్లో బట్టలారేస్తూ పాడుకునే లావుపాటి మామూలు ఆడమనిషి ఉంది చూడండి, ఆ రెండు పేజీల కోసం మిగతా బరువంతా మోయొచ్చు.

చివరి అధ్యాయంలో విన్‌స్టన్ పార్టీ ఒప్పించినట్టే బల్ల మీది దుమ్ములో వేలితో 2+2=5 అని రాస్తాడు. 1950లలో ఇంగ్లండ్‌లో అచ్చయిన కొన్ని ప్రతుల్లో ఆ 5 రాలిపోయింది. ఆ తప్పు ఏళ్ల తరబడి అలాగే అచ్చవుతూ వచ్చింది. 2+2= అని ఖాళీ. అవి చదివినవాళ్లు విన్‌స్టన్ ఇంకా పూర్తిగా లొంగలేదనుకుని ఉంటారు. తర్వాత పీటర్ డేవిసన్ అనే సంపాదకుడు ఆర్వెల్ రచనలన్నీ పాఠం సరిచూసి దిద్దినప్పుడు ఆ 5 తిరిగి వచ్చింది. ఒక్క అక్షరం జారితే ఒక మనిషి ఓడిపోయాడో లేదో మారిపోతుంది. చౌక సంపుటిలో ఆ 5 ఉందా అని భయపడుతూ చూశాను. ఉంది. ఆ మేరకు మెచ్చుకోవాలి.

కిండిల్‌లో చదువుకోవచ్చు కదా అని మా అబ్బాయి అన్నాడు. 2009 జులైలో అమెరికాలో సరిగ్గా ఈ రెండు పుస్తకాలనే, హక్కులు లేనివాళ్లు అమ్మారని తెలిసి, అమెజాన్ కొన్నవాళ్ల కిండిళ్లలోంచి దూరం నుంచే తొలగించింది. డబ్బు తిరిగి ఇచ్చింది, జెఫ్ బెజోస్ క్షమాపణ చెప్పారు. అయినా నాకు కాగితమే కావాలి. అందులో నేను పెట్టిన పెన్సిల్ గీత రేపు పొద్దున కూడా అక్కడే ఉంటుంది.

కొనబోయేవాళ్లు స్టాల్లోనే సంపుటి వెనక నుంచి తెరవండి. నైన్టీన్ ఎయిటీఫోర్ అయిపోయాక న్యూస్పీక్ అనుబంధం ఉందో లేదో చూడండి. యానిమల్ ఫామ్ రెండో అధ్యాయం తీసి ఏడు నియమాలు విడిగా ఉన్నాయో లేదో చూడండి. రెండూ ఉంటే ధైర్యంగా తీసుకోండి, ఎవరు వేసినా ఫర్వాలేదు. నేను కొన్న ప్రతిని పారేయలేదు. పెంగ్విన్ పుస్తకంలోంచి అనుబంధం మొత్తం జిరాక్స్ తీయించాను, 26 రూపాయలు అయింది. అంచులు కత్తిరించి, మైదా జిగురుతో వెనక అట్టకు ముందు అంటించాను. మనవరాలు కామాలన్నీ పెన్సిల్‌తో పెట్టింది. వచ్చే వారం ఆ ప్రతిని తన స్కూలు లైబ్రరీకి ఇస్తుంది.